ప్లే నొక్కలేదు

సోమవారం పొద్దున పదకొండుంబావుకి వెంకటేశ్ తప్పు మెషిన్‌ను తొలగించాడు.

ఆ సంగతి అతనికి పది నిమిషాల దాకా తెలియలేదు. కరీంనగర్‌లో ఒక గ్రానైట్ వ్యాపారి షాపు పైన, రెండో అంతస్తులో, ఐదు టేబుళ్ల కంపెనీ అతనిది. ఊళ్లోని ఆసుపత్రులు, కాలేజీలు, చిన్న సంస్థలు క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న కంప్యూటర్లను చూసుకుంటుంది. ఆ కంప్యూటర్లు ఎక్కడో ముంబైలో ఉంటాయి. ఇక్కడ తెర మీద వాటి పేర్లు మాత్రమే కనిపిస్తాయి. వాడకం లేనివాటిని నెలకోసారి తీసేయడం వెంకటేశ్ పని. జాబితాలో ‘రాగాలు’, ‘రాగాలు-ట్రయల్’ పక్కపక్కనే ఉన్నాయి. ట్రయల్‌ను తీసేయాలి. పై దాన్ని ఎంచుకున్నాడు. ‘డిస్కులు కూడా తొలగించాలా?’ అన్న గడిలో టిక్ పెట్టాడు. అవును అన్నాడు. చాయ్ తాగాడు.

“సాదియా, రాగాలు సైటు తెరుస్తలేదు. జర చూడు,” అంది పక్క టేబుల్ నుంచి తిరుమల.

సాదియా చూసింది. జాబితాలో ట్రయల్ ఉంది. అసలుది లేదు.

ఆమె కుర్చీ తిప్పింది. వెంకటేశ్ అప్పటికే తన తెర ముందుకు వంగి ఉన్నాడు. చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది.

“సార్, ఏది తీసిండ్రు?”

వెంకటేశ్ గ్లాసు కింద పెట్టాడు. మొహం మీద చెమట తుడుచుకుని, తర్వాత నవ్వాడు.

“బ్యాకప్ ఉంది కదనే. ఫికర్ ఎందుకు?”

ఉంది. పద్నాలుగు నెలలుగా రోజూ తెల్లవారేసరికి ఆ పేరు పక్కన పచ్చ గుర్తు పడుతోంది. బ్యాకప్ ఏర్పాటు చేసింది సాదియానే. నిన్నటి పచ్చ గుర్తు మీద నొక్కి, కొత్త మెషిన్‌కు పేరు పెట్టి, ‘పునరుద్ధరించు’ అంది. నలభై నిమిషాలు. ముగ్గురూ ఆమె తెర ముందే నిలబడ్డారు.

మెషిన్ లేచింది. సైటు తెరుచుకుంది. నాలుగు వందల పన్నెండు పేర్లు వరసగా దిగాయి. పేరు, ఊరు, ఫొటో, పాట నిడివి. ఒక్కటి కూడా తగ్గలేదు.

“పాణం పొయ్యొచ్చింది,” అన్నాడు వెంకటేశ్. “తిరుమలా, సమోసాలు చెప్పు. నా దిక్కెళ్లి.”

“మీ దిక్కెళ్లి అంటె నమ్మబుద్ధి అయితలేదు సార్,” అంది తిరుమల. ముగ్గురూ నవ్వారు.

సమోసాలు రాకముందే ఫోన్ మోగింది.

“మేడం, నా పేరు మమతారాణి. శ్రీరాంపూర్ నుంచి. సిద్దిరాములు సారు మీ నంబర్ ఇచ్చిండు. రెండు వందల ముప్పై ఒకటి మా అవ్వది. చంద్రవ్వ. ప్లే నొక్కితె వస్తలేదు మేడం.”

“నెట్ స్లో ఉన్నదేమో చూడండి.”

“చూసిన. మా పక్కింటాయన ఫోన్ల గూడ చూసిన. సున్నా కాడనే ఆగుతుంది. జర జల్ది చూస్తరా? అవ్వకు టైం లేదు.”

సాదియా 231 తెరిచింది. నుదుట పచ్చబొట్టు, తల మీద కొంగు, కెమెరాను చూడని కళ్లు. కింద 7:40 అని నిడివి. ప్లే గుర్తు మీదికి బాణం తీసుకెళ్లింది.

“ఏయ్, ఆఫీసుల గది పెట్టకు!” అంది తిరుమల. “సోమారం పూట సచ్చినోళ్ల ఏడ్పు ఏందే?”

సాదియా చెయ్యి ఆగింది. అలవాటుగా ఆగింది. పోయిన ఏడు బ్యాకప్ పరీక్ష చేసిన రోజు కూడా ఇక్కడే, ఇలాగే ఆగింది. అప్పుడు ఆఫీసు కొత్తది. గోడకు పసుపు ఆరలేదు. చావింట్లో తియ్యాల్సిన రాగం ఎవరూ చావని చోట మోగితే చావును పిలిచినట్టేనని తిరుమల అంది, వెంకటేశ్ తలూపాడు. సాదియా ఇంట్లో కూడా ఎవరైనా పోతే మయ్యత్ దగ్గర గొంతెత్తి ఏడవొద్దని పెద్దలు అంటారు. అందుకే ఆమె వాదించలేదు. పేర్లు లెక్క పెట్టారు, సరిపోయాయి. నిడివి చూశారు, సరిపోయింది. ‘పరీక్ష: పాస్’ అని రాసి సాదియా సంతకం పెట్టింది.

ఇప్పుడు నొక్కింది.

ఏమీ రాలేదు. సున్నా దగ్గర సున్నా ఉంది. 230 నొక్కింది. 232. 300. 411. ప్రతి చోటా సున్నా.

“ఏమాయె?” అన్నాడు వెంకటేశ్.

మొదటిది నొక్కింది. ఎవరో ముసలామె గొంతు గది మధ్యలోంచి లేచింది. ‘ఓ కొడుకా...’ తిరుమల చెవులు మూసుకుంది. సాదియా ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయింది. ముప్పై ఎనిమిది దాకా గొంతులు వచ్చాయి. ముప్పై తొమ్మిది దగ్గర ఆగిపోయాయి.

ఆమెకు అర్థమైపోయింది. అయినా మెషిన్ లోపలికి వెళ్లి చూసింది. గొంతులు ఉండాల్సిన ఫోల్డర్ ఉంది. లోపల ఏమీ లేదు.

ఆ మెషిన్‌కు రెండు డిస్కులు. పేర్లు, ఫొటోలు, నిడివి, మొదటి ముప్పై ఎనిమిది పాటలు మొదటి డిస్కులో ఉన్నాయి. అది నిండాక రెండోది తగిలించింది సాదియానే. బ్యాకప్ జాబితాలో ఆ రెండో దాన్ని చేర్చడం మరిచింది. పద్నాలుగు నెలలుగా పచ్చ గుర్తు అబద్ధం చెప్పలేదు. అడిగిన డిస్కును రోజూ దాచింది.

రెండో డిస్కును ఎవరూ దాచమనలేదు. దాన్ని పొద్దున పదకొండుంబావుకి వెంకటేశ్ తీసేశాడు.

ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. “మేడం?” అంటోంది మమతారాణి. “మేడం, ఉన్నరా?”

* * *

క్లౌడ్ కంపెనీకి అర్జెంటు అని రాశారు. మంగళవారం పొద్దున జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. తొలగించిన డిస్కును తిరిగి తేవడం సాధ్యం కాదు. అసౌకర్యానికి చింతిస్తున్నాం.

పదిన్నరకు సిద్దిరాములు మెట్‌పల్లి బస్సు దిగి నేరుగా వచ్చాడు. తెలుగు పంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. చంకలో గుడ్డసంచి. సంచిలో, చేతిరుమాల్లో చుట్టిన రికార్డర్. పదకొండేళ్లుగా ఆ రికార్డర్‌తోనే ఊళ్లు తిరిగి, చావుల దగ్గర ఆడవాళ్లు తీసే రాగాలను పోగు చేశాడు.

“సార్, మీ దగ్గర ఇంకో కాపీ...” అని మొదలుపెట్టింది సాదియా.

“నా కాడ యాడిది బిడ్డా? ఒక్కటే కార్డు. ఊరి నుంచి అస్త, గీడ ఎక్కిస్త, ఖాళీ జేస్కొని ఇంకో ఊరికి వోత. నువ్వే జెప్తివి గద, ఇగ కార్డు తుడుచుకోండ్రి సార్, గీడ భద్రంగ ఉంటదని.”

చెప్పింది. ఆ కుర్చీలోనే కూర్చుని చెప్పింది. కార్డు ఎలా ఖాళీ చెయ్యాలో కూడా ఆయన చేతిలోంచి తీసుకుని చూపించింది.

“మల్ల రికార్డు చెయ్యరాదా?” అన్నాడు వెంకటేశ్.

సిద్దిరాములు అతని వంక చూశాడు. కోపం లేదు. బడిలో తెలియని పిల్లవాణ్ని చూసినట్టు చూశాడు.

“పీనుగ కాడ మిషిన్ వెట్టలేం గద సారు. నెల దినాలు ఆగి వోత. మీ మొగనికి ఏడ్చినట్టు మల్లొక్కసారి ఏడువుండ్రని అడుగుత. ఎట్ల అడుగుతరు? అడిగిన. నాలుగు వందల పన్నెండు ఇండ్లల్ల అడిగిన. కొందరు తిట్టిండ్రు. కొందరు ఏడ్చిండ్రు. మూడోసారి ఎట్ల అడుగుత?” రికార్డర్ మీది రుమాలును మళ్లీ చుట్టాడు. “సగం మంది ఇప్పుడు లేరు గూడ.”

వెంకటేశ్ ఒక కాగితం ఆయన ముందుకు జరిపాడు. పొద్దున్నే టైపు చేసి ఉంచాడు. సాదియా అది చూడటం అదే మొదటిసారి. ‘ఖాతాదారు రికార్డర్ నుంచి వచ్చిన ఫైళ్లు మొదటి నుంచీ పాడై ఉన్నట్టు మా పరిశీలనలో తేలింది.’

“గిది ఉత్త ఫార్మాలిటీ సారు. మీ సైటుకు పైసలిచ్చే ట్రస్టోళ్లకు చూపెట్టనీకి. ఒక్క సంతకం.”

సిద్దిరాములు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. రెండుసార్లు చదివాడు. సైటు ఇంకా జనానికి తెరవలేదు. అడిగిన ఇంటివాళ్లకే లింకు ఇస్తాడు. మమతారాణే మొదట అడిగింది. ఎక్కించిన తర్వాత ఒక్క పాటనైనా ఆయన వినలేదు. వాటిని ఊరికే వినకూడదని ఆయన నియమం.

“నా మిషిన్ పాతదే,” అన్నాడు మెల్లగా. “బ్యాటరీ గూడ ఉబ్బింది. నాకప్పుడే శంక ఉండె.”

సాదియా నోరు తెరిచింది. వెంకటేశ్ ఆమెను చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలుకోవడం ఉంది. ఈ ఒక్క మాట బయటికి పోతే ఆసుపత్రులు పోతాయి, కాలేజీలు పోతాయి, ఐదు టేబుళ్లూ పోతాయి. ఆ ఐదింటిలో ఆమెది ఒకటి.

ఆమె నోరు మూసుకుంది.

సిద్దిరాములు సంతకం పెట్టాడు. పంతులు సంతకం, ప్రతి అక్షరం విడివిడిగా. మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ సాదియా వైపు తిరిగాడు.

“నీకు పరేషాన్ జేసిన బిడ్డా. ఏమనుకోకు.”

* * *

బుధవారం ఆమె ఆఫీసుకు పోలేదు. మంచిర్యాల బస్సెక్కింది.

గోదావరి దాటేటప్పుడు ఫోన్‌లో మెయిల్ తెరిచింది. ట్రస్టువాళ్ల చిరునామా రాసి, సిద్దిరాములు పేరు కూడా కలిపింది. నాలుగు వాక్యాలు. ఫైళ్లు పాడవలేదు. రెండో డిస్కును బ్యాకప్‌లో చేర్చనిది నేను. పరీక్ష చేసింది నేను. ప్లే నొక్కలేదు. పంపు గుర్తు మీద వేలు ఉంచి వంతెన దాటిందాకా చూసింది. వంతెన దాటింది. పంపింది.

మంచిర్యాలలో మమతారాణికి ఫోన్ చేసి ఇల్లు కనుక్కుని, ఆటో మాట్లాడుకుని శ్రీరాంపూర్ చేరేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. గని కార్మికుల క్వార్టర్లు వరసగా ఉన్నాయి. ఆరేసిన బట్టల మీద సన్నగా నల్లటి దుమ్ము. మమతారాణి గుమ్మంలోనే ఎదురైంది. ముప్పై ఏళ్లుంటాయి. జుట్టు ముడి, చేతిలో గిన్నె, గిన్నెలో పలుచని జావ.

“నువ్వొచ్చినవా మేడం? ఫోన్ల జెప్పెటోళ్లే గద అందరు.”

లోపల నులక మంచం మీద ఆమె తల్లి చంద్రవ్వ. ఎడమవైపు మూతి వంకర పోయింది. పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. మాట పోయింది. పది రోజుల నుంచి మింగడం కూడా కష్టంగా ఉంది. ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మమతారాణి చెంచాతో జావ పెడుతోంది. సగం చెంప మీదుగా కారుతోంది. కారినదాన్ని కొంగుతో తుడిచి మళ్లీ పెడుతోంది.

“బాపు బొగ్గుబాయిల సచ్చిపోయినప్పుడు అవ్వ ఏడ్చింది,” అంది మమతారాణి, చెంచా ఆపకుండా. “గది ఇని కాలనీ మొత్తం ఏడ్చింది. అవ్వను చావులకు పిలుస్తుండె మేడం. చంద్రవ్వ రాంది పీనుగను లేపకపోదురు. నేనేమొ చదువుకున్న. నాకు సిగ్గయితుండె. అవ్వ ఏడుస్తుంటె అవతలికి పోతుంటి.”

“మీకు రాదా?”

“ఒక్క ముక్క రాదు. అవ్వకు నేనొక్కదాన్నే. అవ్వ పోతె రాగం తీసెటోళ్లు ఎవలు? ఊరోళ్లందరికి ఏడ్చిన మనిషి ఊకెనే పోతదా?” చెంచా గిన్నెలో పెట్టింది. “గందుకే అడిగిన. బాపుకు ఏడ్చింది నాలుగైదు సార్లు వింటె, ఎట్ల ఎత్తుకుంటదో, ఎక్కడ ఆపుతదో, జర పట్టుకుందునేమొనని.”

సాదియా చెప్పింది. మొత్తం చెప్పింది. రెండు డిస్కుల సంగతి, రోజూ పడిన పచ్చ గుర్తు సంగతి, పరీక్ష సంగతి, సిద్దిరాములు సంతకం సంగతి. తను మాట్లాడుతున్నంతసేపూ మంచం మీది కళ్లు తన మీదే ఉన్నాయని గమనించింది. చంద్రవ్వకు మాట పోయింది గాని వినికిడి పోలేదు.

మమతారాణి అరవలేదు.

“నువ్వు విన్నవా? ఒక్కసారన్న?”

“వినలే.”

“పద్నాలుగు నెలలు మీ దగ్గరనే ఉండె గద.”

“ఉండె.”

“మరెందుకు వినలే?”

“ఆఫీసుల పెట్టద్దన్నరు. చావు రాగమని.”

మమతారాణి తలూపింది. చాలాసేపు ఊపింది. “నేను గూడ గందుకే అవతలికి పోయిన,” అంది.

చంద్రవ్వ కుడిచెయ్యి కదిలింది. మమతారాణి వంగింది. ఆ చెయ్యి కూతురి మొహం దాకా లేవలేక మెడ దగ్గర ఆగింది. రెండు వేళ్లు కూతురి గొంతు మీద తట్టాయి. ఒకసారి. ఇంకోసారి.

“నీళ్లు గావాల్నా అవ్వా?”

చెయ్యి మంచం మీద పడింది. అది నీళ్ల కోసం కాదని సాదియాకు అనిపించింది. కాని చెప్పడానికి తనకేం తెలుసు?

* * *

శుక్రవారం పొద్దున ఏడింటికి సిద్దిరాములు ఫోన్.

“చంద్రవ్వ పోయింది బిడ్డా. నేను మంచిర్యాలల ఉన్న, అటే పోతున్న. నువ్వు రావాలె.”

“నేనా? సార్, నా మొహం ఎట్ల...”

“మమత రమ్మన్నది. రికార్డు జేసుడు నువ్వే జెయ్యాల్నంట. నా మిషిన్ వద్దన్నది. నీ మెయిల్ చదివిన. నేను సంతకం వెట్టేటప్పుడే జెప్తె అయిపోతుండె గద బిడ్డా.”

“తప్పయింది సార్.”

“రా.”

ఆమె చేరేసరికి వాకిట్లో జనం. మధ్యలో చంద్రవ్వ. మెడలో పూలదండ. చుట్టూ ఆడవాళ్లు. ఎవరూ రాగం ఎత్తుకోలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఇన్నేళ్లూ ఎత్తుకున్న మనిషే మధ్యలో పడుకుని ఉంది. మమతారాణి తల్లి తల దగ్గర కూర్చుని ఉంది. సాదియాను చూసి, పక్కన చోటు చూపించింది.

సాదియా దుపట్టా తల మీదికి లాక్కుని కూర్చుంది. ఫోన్ తీసి, రికార్డు నొక్కి, ఒళ్లో పెట్టుకుంది. తెర మీద అంకెలు కదిలాయి. కదులుతున్నాయని రెండుసార్లు చూసింది.

మమతారాణి నోరు తెరిచింది. గొంతు రాలేదు. దగ్గింది. ఎవరో ముసలామె “ఊ, అనవే బిడ్డా” అంది. మళ్లీ తెరిచింది. ఈసారి వచ్చింది. సన్నగా, వంకరగా, శ్రుతి లేకుండా.

“ఓ నా అవ్వా...
బాపు పోతె నువ్వేడ్సిన రాగం పెట్టెల వెట్టిండ్రవ్వా
పెట్టె మీద పొద్దుకో పచ్చ దీపం వెలిగిందవ్వా
దీపం జూసి సంబురపడి ఎల్లిపోయిండ్రవ్వా
మూత దీసి ఉన్నవా అని ఒక్కరడుగలేదవ్వా...”

వాకిట్లో ఎవరికీ ఆ పెట్టె ఏమిటో తెలియదు. అయినా ఆడవాళ్లు అందుకున్నారు. ‘అడుగలేదవ్వా’ అని ఇరవై గొంతులు ఒక్కసారి అన్నాయి. సాదియా తల ఎత్తలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డ సిద్దిరాములు కళ్లజోడు తీసేశాడు.

“నేను గూడ అడుగలేదవ్వా
నువ్వేడుస్తె నేను గడప దాటి పోయిననవ్వా
రాగమొస్త లేదవ్వా, నాకెవలు నేర్పలేదవ్వా
రానిదాని ఏడ్పు నీకు ఇనవడుతుందా అవ్వా...”

అక్కడి నుంచి మమతారాణిని ఎవరూ ఆపలేకపోయారు. డప్పులు వచ్చాయి. పాడె లేచింది. ఆమె పాడె వెంట కాలనీ గేటు దాకా నడుస్తూనే పాడింది. సాదియా ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని పక్కనే నడిచింది. ఒక్క అడుగు కూడా వెనకబడలేదు.

పాడె ముందుకు పోయింది, గేటు దగ్గర మమతారాణి ఆగింది. గొంతు పూర్తిగా పోయింది. సాదియా చేతిలోని ఫోన్‌ను చూపించి సైగ చేసింది: పెట్టు.

“ఇక్కడనా?”

పెట్టమంది. సాదియా ప్లే నొక్కింది. వాళ్లిద్దరూ బొగ్గు లారీల రోడ్డు పక్కన నిలబడి, పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు, మొదటి నుంచి చివరి దాకా విన్నారు.

* * *

ట్రస్టువాళ్లు ఖాతా మానుకోలేదు. సిద్దిరాములు మానుకోనివ్వలేదు. “తప్పు జేసినోళ్లకే తప్పు యాడ ఉన్నదో ఎరుక,” అన్నాడట. వెంకటేశ్ పది రోజులు సాదియాతో మాట్లాడలేదు. పదకొండో రోజు, మెషిన్ తొలగించే అధికారం తన పేరు మీద నుంచి తీసేయమని అతనే వచ్చి చెప్పాడు.

జాబితాలో ఇప్పుడు నాలుగు వందల పదమూడు పేర్లు. వాటిలో మూడు వందల డెబ్బై నాలుగింటికి గొంతు లేదు. పేర్లను తీసేద్దామా అని అడిగితే సిద్దిరాములు వద్దన్నాడు.

ఒకటో తారీఖు, పదకొండు గంటలు. సాదియా నిన్నటి బ్యాకప్ నుంచి వేరే మెషిన్‌ను లేపింది. డిస్కులు రెండూ వచ్చాయా చూసింది. ఫోల్డర్ తెరిచింది. పరీక్ష కాగితం మీద కొత్తగా ఒక గడి చేర్చింది: ‘విన్నవారు’.

413 మీదికి బాణం పోగానే తిరుమల కుర్చీ కదిలిన చప్పుడైంది. బయటికి పోతుందేమో అనుకుంది సాదియా. తిరుమల లేచి ఫ్యాన్ ఆపింది. వచ్చి పక్కన కూర్చుంది.

“పెట్టు,” అంది.

సన్నగా, వంకరగా, శ్రుతి లేకుండా ఆ గొంతు గదిలోకి వచ్చింది. పెట్టె వచ్చింది. పచ్చ దీపం వచ్చింది. మూత దగ్గరికి వచ్చినప్పుడు సాదియా వేళ్లు బల్ల అంచును పట్టుకున్నాయి. శబ్దం తగ్గించలేదు. వెంకటేశ్ తన తెర వైపు చూస్తూ కదలకుండా కూర్చున్నాడు. పాట అయిపోయాక గడిలో రాసింది. 413: విన్నాం. సాదియా, తిరుమల.

“అయినట్టేనా?” అంది తిరుమల.

“ఇంకొక్కటి.”

231 తెరిచింది. నుదుట పచ్చబొట్టు, కెమెరాను చూడని కళ్లు. కింద 7:40. ప్లే నొక్కింది. సున్నా దగ్గర సున్నా ఉంది.

రాదని ఆమెకు తెలుసు. ఏడు నిమిషాల నలభై సెకన్లూ కదలకుండా కూర్చుంది. తర్వాత పెన్ను తీసుకుని, దాని కింద రాసింది.

231: వినిపించలేదు. సాదియా.